కాలేజీ ఎంచుకునే ముందు అప్పు లెక్క: ఆఫర్ లెటర్ నుంచి నెల కిస్తీ దాకా

అమెరికాలో పన్నెండో తరగతి పిల్లలున్న ఇళ్లలో మార్చి నెలాఖరుకల్లా, ఖర్చెంతో సాయమెంతో చెప్పే ఆఫర్ లెటర్లు మూడు నాలుగు వచ్చి కూర్చుంటాయి. చాలా కాలేజీలకు మే 1లోగా డిపాజిట్ కట్టాలి. ఆ నెల రోజులూ ఇంట్లో చర్చ ర్యాంకింగుల చుట్టూ, ఫలానావాళ్ల అబ్బాయి ఎక్కడ చేరాడన్న దాని చుట్టూ తిరుగుతుంది. అప్పు సంగతి చివర్లో వస్తుంది, "ఎలాగోలా చూద్దాంలే" అన్న ముక్కతో ముగిసిపోతుంది. దీన్ని తిరగేయండి. డిగ్రీ చేతికొచ్చే రోజుకు మొత్తం అప్పు ఎంత, అందులో ఎవరి పేరున ఎంత, నెలకు కట్టాల్సింది ఎంత అన్నది ప్రతి కాలేజీకీ విడివిడిగా వేసి కాగితం మీద పెట్టాకే ఇష్టాయిష్టాల మాట ఎత్తండి.

కింది లెక్కలన్నీ 2025-26 ఫెడరల్ రేట్లతో వేసినవి: అండర్‌గ్రాడ్ విద్యార్థి లోన్‌కు 6.39 శాతం, తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్‌కు 8.94 శాతం. కొత్త అప్పులకు ఏటా జూలై 1న రేటు మారుతుంది. ఒకసారి తీసుకున్న అప్పుకు మాత్రం తీరేదాకా అదే రేటు. మీరు తీసుకునే ఏడాది రేటు వేసుకుంటే సరిపోతుంది, పద్ధతి మారదు.

అసలు ఫెడరల్ లోన్ వస్తుందా?

అమెరికా పౌరులకు, గ్రీన్ కార్డు ఉన్న పిల్లలకు వస్తుంది. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్న పిల్లలకు రాదు, తక్కువ ఆదాయం వాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ కూడా రాదు. పిల్ల ఇక్కడే పుట్టి, తల్లిదండ్రులు హెచ్-1బీలో ఉంటే పిల్లకు అర్హత ఉంటుంది. సాయం కోసం నింపే ఫెడరల్ దరఖాస్తు ఫాఫ్సా చూసేది విద్యార్థి స్టేటస్‌ని. కానీ అదే ఇంట్లో తల్లిదండ్రులు పేరెంట్ ప్లస్ తీసుకోవాలంటే వాళ్లు కూడా పౌరులో గ్రీన్ కార్డుదారులో అయి ఉండాలి. ఈ రెండో సంగతి తెలియక, ప్లస్ లోన్ ఉందన్న భరోసాతో డిపాజిట్ కట్టి ఆగస్టులో ఇరుక్కునే కుటుంబాలు ఉంటాయి.

హెచ్-4 పిల్లలున్న ఇళ్లు ఇంకో రెండు ప్రశ్నలు అడగాలి. ఒకటి, మీ రాష్ట్రంలో హెచ్-4కి ఇన్-స్టేట్ ఫీజు (సొంత రాష్ట్రం వాళ్లకు ఉండే తక్కువ ఫీజు) ఇస్తారా? రాష్ట్రానికో నిబంధన ఉంది కాబట్టి యూనివర్సిటీ రెసిడెన్సీ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. రెండు, 21 ఏళ్లు నిండి ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారాక ఆ ఇన్-స్టేట్ ఫీజు నిలుస్తుందా? పద్దెనిమిదేళ్లకు చేరిన పిల్లకు 21 నిండేది మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో. అప్పటికి ఫీజు రెండింతలైతే మొదటేడాది వేసిన లెక్కంతా వృథా. ప్రైవేట్ లోన్ అడిగినా బ్యాంకులు చాలావరకు పౌరుడో గ్రీన్ కార్డుదారో పూచీ ఉండాలంటాయి. అయితే హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్, ఎంఐటీ, ఆమ్‌హెర్స్ట్, డార్ట్‌మత్, బోడన్ లాంటి కొద్ది కాలేజీలు స్టేటస్‌తో నిమిత్తం లేకుండా, డబ్బు అవసరాన్ని బట్టి అడ్మిషన్ నిరాకరించకుండా, తేలిన అవసరమంతా తీరుస్తాయి. సీటు దొరకడం చాలా కష్టమే, కానీ సీటు వచ్చిన హెచ్-4 పిల్లకు ఊళ్లో ఉన్న స్టేట్ యూనివర్సిటీ కంటే అదే చవక పడే సందర్భాలు ఉంటాయి.

ఆఫర్ లెటర్‌ని విడదీయడం

2022లో అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓ కాలేజీల ఆఫర్ లెటర్లను పరిశీలించి, దాదాపు 91 శాతం కాలేజీలు నికర ఖర్చును చెప్పకపోవడమో, తక్కువ చేసి చూపడమో చేస్తున్నాయని తేల్చింది. కాబట్టి లెటర్ చివర "మీరు కట్టాల్సింది" అని బోల్డ్‌లో ఉన్న అంకెను పట్టించుకోకండి. ఒక కాగితం తీసుకుని మీరే మళ్లీ కట్టండి.

పైన కాస్ట్ ఆఫ్ అటెండెన్స్ మొత్తం రాయండి. అందులో ట్యూషన్, ఫీజులు, గది, తిండి, పుస్తకాలు, ప్రయాణాలు, సొంత ఖర్చులు అన్నీ ఉండాలి. కొన్ని లెటర్లలో ట్యూషన్, ఫీజులు మాత్రమే చూపిస్తారు. గది, భోజనం వేరే పేజీలో ఉంటాయి. ఇంజనీరింగ్, బిజినెస్, నర్సింగ్ లాంటి కోర్సులకు అదనపు ఫీజు ఉందేమో చూడండి. కాలేజీ హెల్త్ ఇన్సూరెన్స్ దానంతటదే బిల్లులో పడుతుంది. పిల్లలు మీ ఇన్సూరెన్స్‌లోనే ఉంటే గడువులోగా అది వద్దని చెప్పే వెయివర్ ఫారం నింపండి, వేల డాలర్లు మిగలవచ్చు. ఆ గడువు దాటితే ఆ ఏడాదికి కట్టాల్సిందే.

దాని కింద తిరిగి కట్టక్కర్లేనివి మాత్రమే తీసివేయండి: గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు. మిగిలిన అంకే మీ నికర ఖర్చు.

లెటర్‌లో సాయం కింద చూపించే వాటిలో మూడు సాయం కావు. సబ్సిడైజ్డ్, అన్‌సబ్సిడైజ్డ్ లోన్లు అప్పులు. పేరెంట్ ప్లస్ అప్పు, అదీ మీ పేరున. దాన్ని "అవార్డు" జాబితాలో వేసి కింద సున్నా చూపించే కాలేజీలూ ఉన్నాయి. ఇక వర్క్-స్టడీ. అది పిల్ల పనిచేసి సంపాదించుకోవాల్సిన జీతం, ఆగస్టు బిల్లులో తగ్గదు. క్యాంపస్‌లో ఆ ఉద్యోగం దొరుకుతుందన్న హామీ కూడా లేదు. దాన్ని పిల్ల చేతి ఖర్చుకే లెక్కపెట్టండి.

స్కాలర్‌షిప్ పక్కన మూడు సంగతులు రాసుకోండి: ఎన్నేళ్లు ఇస్తారు, నిలుపుకోవడానికి జీపీఏ (మార్కుల సగటు) ఎంత, ఫీజు పెరిగితే ఇదీ పెరుగుతుందా. చివరిదానికి జవాబు సాధారణంగా కాదనే. జీపీఏ షరతు విషయంలో జాగ్రత్త పడండి. జార్జియా హోప్ స్కాలర్‌షిప్ నిలవాలంటే కాలేజీలో 3.0, అదే రాష్ట్రపు జెల్ మిల్లర్ స్కాలర్‌షిప్‌కు 3.3 ఉండాలి. హైస్కూల్లో 4.0తో వచ్చిన పిల్లకు 3.3 చిన్న సంఖ్యలా కనిపిస్తుంది. మొదటి ఏడాది కాలిక్యులస్, కెమిస్ట్రీ, ఫిజిక్స్ కలిసి వచ్చే ఇంజనీరింగ్‌లో అది చిన్నది కాదు. స్కాలర్‌షిప్ పోతే అప్పు ఎంత పెరుగుతుందో కూడా పక్కన వేసుకోండి. బయటి సంస్థల నుంచి స్కాలర్‌షిప్ తెచ్చుకుంటే కాలేజీ తన గ్రాంట్‌లో ఆ మేరకు కోస్తుందా అన్నది కూడా ఎయిడ్ ఆఫీసును అడగండి. ముందుగా లోన్‌ను తగ్గించే కాలేజీలూ ఉన్నాయి, గ్రాంట్‌ను తగ్గించేవీ ఉన్నాయి.

మొదటేడాది అంకెను నాలుగుతో గుణించకండి

ఎక్కువ మంది దెబ్బతినేది ఇక్కడే. ఖర్చు ఏటా పెరుగుతుంది, స్కాలర్‌షిప్ పెరగదు. ఆ తేడా అంతా అప్పులోకే వెళ్తుంది. ఒక లెక్క పూర్తిగా వేసి చూద్దాం.

కుటుంబం ఏడాదికి 25,000 డాలర్లు, పొదుపు, జీతం కలిపి కట్టగలదనుకుందాం. మొదటిది ప్రైవేట్ కాలేజీ: మొత్తం ఖర్చు 88,000, గ్రాంట్ 40,000. రెండోది సొంత రాష్ట్రంలోని యూనివర్సిటీ: ఖర్చు 34,000, స్కాలర్‌షిప్ 3,000. రెండింటిలోనూ ఖర్చు ఏటా 4 శాతం పెరుగుతుంది, గ్రాంట్ మారదు, మీరు పెట్టే 25,000 మారదు.

ప్రైవేట్ కాలేజీలో లోటు మొదటేడాది 23,000. నాలుగుతో గుణిస్తే 92,000. నిజానికి రెండో ఏడాది లోటు 26,520, మూడో ఏడాది 30,181, నాలుగో ఏడాది 33,988. మొత్తం 1,13,689 డాలర్లు. అంటే 4 శాతం పెరుగుదల ఒక్కటే 21,689 డాలర్ల అప్పు తెచ్చిపెట్టింది. స్టేట్ యూనివర్సిటీలో మొదటేడాది లోటు 6,000, నాలుగేళ్లకు 24,000 అనుకుంటాం. అసలు తేలేది 32,379. పెరుగుదల ఇక్కడా ఉంది, కానీ ఇది ఒక విద్యార్థి భరించగల అప్పు దగ్గర్లోనే ఆగింది.

మీ లెటర్లకు ఇదే లెక్క స్ప్రెడ్‌షీట్‌లో నాలుగు నిలువు గడులు పెట్టి వేయండి. పెరుగుదల ఎంత పెట్టాలో తెలియకపోతే, గత మూడు నాలుగేళ్ల ట్యూషన్ కాలేజీ సైట్‌లోనో ప్రభుత్వ కాలేజ్ నావిగేటర్ సైట్‌లోనో దొరుకుతుంది, సగటు తీసుకోండి. అదే చోట నాలుగేళ్లలో డిగ్రీ పూర్తి చేసేవారి శాతం కూడా ఉంటుంది. అది తక్కువగా ఉంటే ఐదో ఏడాది గడి కూడా వేయండి. స్కాలర్‌షిప్‌లు చాలావరకు ఎనిమిది సెమిస్టర్లతో ఆగిపోతాయి కాబట్టి ఐదో ఏడాది ఖర్చు పూర్తిగా మీ మీదే పడుతుంది.

పరిమితులు చెప్పే నిజం

తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ అండర్‌గ్రాడ్ విద్యార్థికి ఫెడరల్ ప్రభుత్వం ఇచ్చే లోన్ మొదటేడాది 5,500, రెండో ఏడాది 6,500, మూడు నాలుగేళ్లలో 7,500 చొప్పున. నాలుగేళ్లకు 27,000. ఐదో ఏడాది కూడా కలిపితే మొత్తం గరిష్ఠం 31,000. ఈ పరిమితిని ఒక హెచ్చరిక గీతగా వాడుకోవాలన్నది మా గట్టి అభిప్రాయం. మీరు కట్టగలిగింది పోను మిగిలే నాలుగేళ్ల లోటు ఈ 27,000లో సర్దుకుంటే ముందుకు వెళ్లొచ్చు. అది దాటి ప్రతి డాలరూ మీ పేరున ప్లస్ లోన్‌గానో, మీ పూచీతో ప్రైవేట్ లోన్‌గానో వస్తుంది. అక్కడినుంచి వడ్డీ ఎక్కువ, వెసులుబాటు తక్కువ.

2025 జూలై 4న సంతకమైన చట్టం ఈ లెక్కను ఇంకా బిగించింది. 2026 జూలై 1 నుంచి కొత్తగా తీసుకునేవారికి పేరెంట్ ప్లస్ ఏడాదికి ఒక్కో పిల్లకు 20,000, జీవితకాలానికి 65,000 మాత్రమే. అంతకుముందు ఖర్చు ఎంతుంటే అంతా ఇచ్చేవారు. ఏటా 20,000 తీసుకుంటే మూడేళ్లకే 60,000 అయిపోయి, నాలుగో ఏడాదికి 5,000 మిగులుతుంది. సరిగ్గా ఖర్చు ఎక్కువైన ఏడాదే చేతులు ఖాళీ.

పై ప్రైవేట్ కాలేజీకి ఈ పరిమితులు వర్తింపజేసి చూడండి. మొదటేడాది విద్యార్థి లోన్ 5,500, ప్లస్ 17,500తో గడుస్తుంది. రెండో ఏడాది 6,500, 20,000తో దాదాపు సరిపోతుంది. మూడో ఏడాది రెండూ కలిపి 27,500, ఇంకా 2,681 తక్కువ. నాలుగో ఏడాది ప్లస్ కోటాలో మిగిలింది 7,500, విద్యార్థి లోన్ 7,500, కావాల్సింది 33,988. దాదాపు 19,000 డాలర్ల కొరత. డిగ్రీకి రెండు సెమిస్టర్ల దూరంలో, ఏ షరతుకైనా ఒప్పుకోక తప్పని స్థితిలో ప్రైవేట్ బ్యాంకు ముందు నిలబడాల్సి వస్తుంది. ఇదంతా మొదటి సంతకానికి ముందే కనపడుతున్న విషయం.

ఇంకో చిన్న కోత: ఫెడరల్ లోన్ మీద ముందే ఫీజు పట్టుకుంటారు. విద్యార్థి లోన్‌కు 1.057 శాతం, ప్లస్‌కు 4.228 శాతం. 20,000 ప్లస్ తీసుకుంటే కాలేజీకి చేరేది 19,154. వడ్డీ మాత్రం 20,000 మీద. కాలేజీ బిల్లుకు చాలేంత అప్పు రాయించుకునేటప్పుడు ఈ కోత కలుపుకోండి. 2026 జూలై నుంచి ఫుల్‌టైమ్ కంటే తక్కువ క్రెడిట్లు తీసుకుంటే ఫెడరల్ లోన్ కూడా ఆ మేరకు తగ్గుతుంది. సెమిస్టర్ మధ్యలో ఒక కోర్సు వదిలేయాలనుకుంటే ముందు ఎయిడ్ ఆఫీసులో కనుక్కోవాలి.

అప్పు నుంచి నెల కిస్తీకి

సబ్సిడైజ్డ్ లోన్‌కు చదువుకునేంత కాలం వడ్డీ ప్రభుత్వం కడుతుంది. కుటుంబ ఆదాయాన్ని బట్టే అది ఇస్తారు కాబట్టి ఇద్దరూ ఉద్యోగాలు చేసే చాలా ఇళ్లకు వచ్చేది అన్‌సబ్సిడైజ్డే. దానికి డబ్బు కాలేజీకి చేరిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది. 27,000 మొత్తం అన్‌సబ్సిడైజ్డ్ అయితే, చదువు అయ్యాక ఇచ్చే ఆరు నెలల గడువు ముగిసేసరికి సుమారు 4,090 డాలర్ల వడ్డీ చేరి, బాకీ 31,090 అవుతుంది. చదువుకునేటప్పుడే నెలకు పాతికో యాభయ్యో వడ్డీ కింద కట్టుకుంటూ పోతే ఇందులో మంచి భాగం తగ్గుతుంది.

కిస్తీ అంచనాకు ఒక సులువు: 6.39 శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చాలంటే ప్రతి 10,000 డాలర్లకు నెలకు సుమారు 113 డాలర్లు. పదిహేనేళ్లకైతే 86.50. కాబట్టి 31,090 బాకీకి పదేళ్ల లెక్కన నెలకు సుమారు 351, మొత్తం కట్టేది 42,000 దాటుతుంది. పదిహేనేళ్లకు నెలకు 269, కానీ మొత్తం 48,400 దాకా.

ఇక్కడ కొత్త నిబంధన తెలుసుకోవాలి. 2026 జూలై తర్వాత తీసుకున్న లోన్లకు స్టాండర్డ్ ప్లాన్ కాలం బాకీని బట్టి ఉంటుంది. 25,000 లోపుంటే పదేళ్లు, 25,000 నుంచి 50,000 లోపు పదిహేనేళ్లు, 50,000 నుంచి లక్ష లోపు ఇరవై ఏళ్లు, లక్షా ఆపైన ఇరవై ఐదేళ్లు. అంటే 27,000 అప్పు చేసిన పిల్లకు బిల్లు పదిహేనేళ్లదే వస్తుంది. తక్కువ కిస్తీ చూసి సంతోషించి అంతే కడుతూ పోతే ఆరు వేల డాలర్ల పైచిలుకు అదనపు వడ్డీ. ముందే తీర్చేస్తే జరిమానా ఏమీ లేదు, కాబట్టి పదేళ్ల కిస్తీ లెక్కనే కట్టుకోవడం మేలు. అదనంగా కట్టేటప్పుడు అది వచ్చే నెల కిస్తీకి కాకుండా ఎక్కువ వడ్డీ ఉన్న లోన్ అసలుకు పోవాలని సర్వీసర్‌కు (కిస్తీలు వసూలు చేసే సంస్థకు) రాసి చెప్పండి.

జీతం తక్కువున్న వాళ్లకు ఆర్‌ఏపీ అనే ఆదాయ ఆధారిత ప్లాన్ ఉంది. పన్ను లెక్కలోని ఆదాయాన్ని బట్టి 1 నుంచి 10 శాతం, నెలకు కనీసం 10 డాలర్లు. 55,000 ఆదాయానికి 5 శాతం, అంటే నెలకు సుమారు 229. మిగిలిన బాకీ మాఫీ కావాలంటే ముప్ఫై ఏళ్లు కట్టాలి. ఇది ఉద్యోగం పోయినప్పుడు కాపాడే ఏర్పాటు. దీన్ని నమ్ముకుని పెద్ద అప్పు చేయడం తప్పు. కొత్త పేరెంట్ ప్లస్ లోన్లకు ఇది వర్తించదు కూడా.

ప్లస్ కిస్తీ ఎంతో చూస్తే ఎందుకింత పట్టుబడుతున్నామో అర్థమవుతుంది. 65,000 అప్పు, 8.94 శాతం, ఇరవై ఏళ్లు: నెలకు 582, మొత్తం 1,39,750 డాలర్ల దాకా. చదువు సాగుతుండగా కట్టడం వాయిదా వేసుకుంటే ఆ నాలుగేళ్ల వడ్డీ దీనికి అదనం. పిల్లకు 18 ఏళ్లప్పుడు తండ్రికి యాభై ఉంటే, ఈ అప్పు తీరేది డెబ్బై దాటాక. "పిల్లే కడుతుందిలే" అనుకోవచ్చు, కానీ చట్టం దృష్టిలో ఆ అప్పు పిల్లది కాదు. పిల్ల పేరుకు మార్చే వీలు కూడా ఫెడరల్ వ్యవస్థలో లేదు.

జీతంతో పోల్చేటప్పుడు

మొత్తం అప్పు, తల్లిదండ్రులది కూడా కలిపి, ఆ డిగ్రీతో వచ్చే మొదటి ఏడాది జీతాన్ని దాటకూడదు. ఇది పైకప్పు. సుఖంగా ఉండాలంటే కిస్తీ నెల జీతంలో 8 శాతం దగ్గర ఆగాలి. 50,000 జీతానికి నెలకు 4,167 వస్తుంది. 351 కిస్తీ అందులో 8.4 శాతం. అందుకే విద్యార్థి ఫెడరల్ పరిమితి ఓ మోస్తరు జీతానికి కూడా సరిపోతుంది, ఇంకో అరవై డెబ్బై వేలు దాని మీద పేరిస్తే ఏ జీతానికైనా బరువే.

జీతం అంకెకు కాలేజ్ స్కోర్‌కార్డ్ ప్రభుత్వ సైట్ చూడండి. కాలేజీ పేరు కొట్టి అక్కడితో ఆగకుండా, "ఫీల్డ్స్ ఆఫ్ స్టడీ"లోకి వెళ్లి మీ పిల్ల చదవబోయే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తెరవండి. అదే యూనివర్సిటీలో కంప్యూటర్ సైన్స్‌కూ బయాలజీకీ ఆదాయంలో చాలా తేడా ఉంటుంది. అక్కడి అంకెలు ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థులవి మాత్రమే అని గుర్తుంచుకోండి. ఎంచుకున్న మేజర్‌లోకి నేరుగా అడ్మిషన్ వచ్చిందా, లేక మొదటేడాది తర్వాత మళ్లీ పోటీ పడాలా అన్నది కూడా ఇందులో భాగమే. "అన్‌డిక్లేర్డ్"గా చేరి, కంప్యూటర్ సైన్స్ దొరుకుతుందని ఊహించి, ఆ జీతంతో అప్పు లెక్కేసుకోవడం చాలా పెద్ద పొరపాటు.

మెడిసిన్ మీద మనసున్న పిల్లలకు లెక్క ఇంకా కఠినం. 2026 జూలై నుంచి కొత్తవాళ్లకు గ్రాడ్ ప్లస్ రద్దయింది. మెడిసిన్, లా లాంటి ప్రొఫెషనల్ కోర్సులకు ఫెడరల్ లోన్ ఏడాదికి 50,000, మొత్తం 2 లక్షలు. మామూలు మాస్టర్స్‌కు ఏడాదికి 20,500, మొత్తం లక్ష. ప్రైవేట్ మెడికల్ స్కూళ్లలో ఏడాది ఖర్చు 50,000 చాలా దాటుతుంది కాబట్టి లోటు ప్రైవేట్ లోన్‌తోనో ఇంటి డబ్బుతోనో పూడ్చాలి. మెడికల్ స్కూల్ చూసేది జీపీఏ, ఎంక్యాట్ ప్రవేశ పరీక్ష, క్లినికల్ అనుభవం. అందువల్ల మెడిసిన్ ఖాయమనుకున్న ఇంట్లో పొదుపంతా అండర్‌గ్రాడ్‌లో కరిగించేయడం మాకు సబబుగా తోచదు. తక్కువ ఖర్చు కాలేజీలో అప్పు లేకుండా బయటపడి, 529 ప్లాన్‌లో (చదువు కోసం దాచుకునే ఖాతాలో) ఉన్న డబ్బును మెడికల్ స్కూల్‌కు ఉంచుకుంటే బాగుంటుంది.

ప్రైవేట్ లోన్ తప్పదనిపిస్తే

ముందు ఒక మాట: తప్పదనిపిస్తోందంటే ఆ కాలేజీ మీ బడ్జెట్‌లో లేదని అర్థం. అయినా తీసుకోవాల్సి వస్తే ఫిక్స్‌డ్ రేటే అడగండి. వేరియబుల్ రేటు మొదట్లో తక్కువగా కనిపించినా పదేళ్లలో ఎటు పోతుందో ఎవరూ చెప్పలేరు. ప్రకటనలో ఉన్న కనిష్ఠ రేటు గొప్ప క్రెడిట్ ఉన్నవారికే. మీకు వచ్చే రేటు మూడు నాలుగు చోట్ల సాఫ్ట్ చెక్‌తో (క్రెడిట్ స్కోరు తగ్గని పరిశీలనతో) కనుక్కోండి. చదువు కాలపు వడ్డీని అసలులో ఎప్పుడు కలుపుతారో, పూచీ నుంచి మిమ్మల్ని ఎన్ని కిస్తీల తర్వాత ఏ షరతుతో విడుదల చేస్తారో, పిల్లకు ఏదైనా జరిగితే బాకీ ఏమవుతుందో కాగితం మీద చదవండి. పూచీ పెట్టాక ఆ అప్పు మీ క్రెడిట్ రిపోర్టులో మీ అప్పుగానే కనిపిస్తుంది. ఇల్లు కొనాలనో రీఫైనాన్స్ చేయాలనో వెళ్లినప్పుడు అది అడ్డొస్తుంది. దివాలా తీసినా విద్యా రుణాలు తేలిగ్గా పోవు, ఫెడరలైనా ప్రైవేటైనా.

అప్పు అవసరాన్నే తగ్గించడం

లిస్టు తయారుచేసేటప్పుడే, అంటే పదకొండో తరగతి వేసవిలో, ప్రతి కాలేజీ సైట్‌లో నికర ఖర్చు అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ నింపండి. 2011 అక్టోబర్ నుంచి అది ఉండి తీరాలి. ఆదాయం, ఆస్తులు నిజంగా ఉన్నవే వేయండి. ఫాఫ్సాలో మీరు ఉంటున్న ఇల్లు, 401(కె) రిటైర్మెంట్ ఖాతా లెక్కలోకి రావు. సీఎస్‌ఎస్ ప్రొఫైల్ అనే ఇంకో దరఖాస్తు అడిగే ప్రైవేట్ కాలేజీల్లో కొన్ని ఇంటి విలువ కూడా చూస్తాయి. అందుకే ఒకే ఆదాయానికి రెండు కాలేజీలు రెండు రకాల గ్రాంట్ ఇస్తాయి.

కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి యూనివర్సిటీకి మారడం అన్నింటికంటే గట్టిగా ఖర్చు తగ్గించే దారి. మన ఇళ్లలో దీన్ని చిన్నచూపు చూస్తారు, డిగ్రీ మీద మాత్రం చివరి యూనివర్సిటీ పేరే ఉంటుంది. కాలిఫోర్నియాలో డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లు షరతులు తీర్చిన కమ్యూనిటీ కాలేజీ విద్యార్థులకు హామీ సీటు ఇస్తాయి. బర్క్‌లీ, లాస్ ఏంజెలిస్, శాన్ డియాగో ఇవ్వవు, కొన్ని మేజర్లకు కూడా ఈ హామీ ఉండదు. ఈ దారి చెడేది క్రెడిట్లు బదిలీ కానప్పుడు. ఒక కోర్సు "బదిలీ అవుతుంది" అంటే చాలదు, మేజర్ అవసరాల్లో దేనికి బదులుగా లెక్కలోకి వస్తుందో అడగాలి. ఎలెక్టివ్‌గా మాత్రమే చేరితే ఆ కోర్సు మళ్లీ చదవాల్సిందే, డబ్బూ మళ్లీ కట్టాల్సిందే.

పశ్చిమ రాష్ట్రాల వాళ్లకు వెస్ట్రన్ అండర్‌గ్రాడ్యుయేట్ ఎక్స్చేంజ్ ఉంది. అందులో ఉన్న కాలేజీలు పక్క రాష్ట్రాల పిల్లలకు ఇన్-స్టేట్ ట్యూషన్‌కు ఒకటిన్నర రెట్లు మించకుండా తీసుకుంటాయి. సీట్లు పరిమితం, ముందుగా అప్లై చేయాలి. హైస్కూల్లో చదివిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) కోర్సుల క్రెడిట్లు ఒక సెమిస్టర్ ఎగరగొట్టగలవేమో చూసుకోండి.

లెటర్ వచ్చాక అడగొచ్చు

2026-27 ఫాఫ్సా చూసేది 2024 ఆదాయాన్ని. ఈ మధ్యలో లేఆఫ్ అయినా, జీతం తగ్గినా, వైద్య ఖర్చులు పడినా ఫారంకు తెలియదు. ఎయిడ్ ఆఫీసుకు "ప్రొఫెషనల్ జడ్జ్‌మెంట్" సమీక్ష కోరుతూ రాయండి. టర్మినేషన్ లెటర్, ఆఖరి పే స్టబ్, నిరుద్యోగ భృతి కాగితం, ఈ ఏడాది అంచనా ఆదాయం జతచేయండి. కష్టాల వర్ణన అక్కర్లేదు, పాత ఆదాయం ఇంత, ఇప్పుడు ఇంత అని రెండు వరుసలు చాలు. మెరిట్ స్కాలర్‌షిప్ ఇచ్చే కాలేజీకైతే అదే స్థాయి మరో కాలేజీ ఇచ్చిన లెటర్ జతచేసి, ఎంత తేడా ఉందో అంకెతో చెప్పి అడగండి. ఏప్రిల్ మొదటి వారంలోనే పంపాలి. నెలాఖరుకు వాళ్ల దగ్గర నిధులు పలచబడతాయి.

ఆఖరుగా, పోర్టల్‌లో లోన్ అంగీకరించేటప్పుడు మొత్తానికి టిక్ పెట్టేయకండి. 5,500 చూపించినా మీకు 3,000 చాలితే ఆ అంకె మార్చి తీసుకోవచ్చు. సబ్సిడైజ్డ్ ఉంటే ముందు అది, తర్వాతే అన్‌సబ్సిడైజ్డ్. ఎక్కువ తీసేసుకుని కాలేజీ ఖాతా నుంచి రీఫండ్ వస్తే అది బహుమతి కాదు, వడ్డీ నడుస్తున్న అప్పు. డబ్బు విడుదలైన 120 రోజుల్లో వెనక్కి పంపితే ఆ మొత్తం మీద వడ్డీ, ముందు కోసిన ఫీజు రెండూ రద్దవుతాయి. కాబట్టి సెమిస్టర్ మొదలైన రెండు నెలలకు ఖాతాలో మిగిలింది ఎంతో చూసి, అక్కర్లేనిది సర్వీసర్‌కు తిప్పి పంపేయండి.